ఏ ఊరి దోవకు ఈ గార్డు?

వెల్డింగు షాపుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "తాతా, ఈ పనిలో పైకి రావాలంటే ఏం చెయ్యాల?" అని అడుగుతారు. పైకి రావడం సంగతి నాకు తెలియదు. నా పనంతా బండ్ల కిందనే గడిచింది. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు తప్ప నేను సంపాదించిన బిరుదులేమీ లేవు.

ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. చేసిన తప్పు ఒప్పుకోవడం వేరు, ఇక ఆ పనే చేయనని ఒప్పుకోవడం వేరు. మొదటిది చేయనివాణ్ణి నేను పనివాడనను. రెండోది చేయమని నా మెడ మీద కూర్చున్నా నేను చేయలేదు. ఈ తేడా నాకు ఒక పశువుల డాక్టరుగారి మోటార్ సైకిలు దగ్గర తెలిసింది. అది రాస్తున్నాను. నచ్చనివాళ్లు చదవడం మానేయవచ్చు, నాకేం నష్టం లేదు.

నాయన అడిగే ప్రశ్న

మాది మార్కాపురానికి కోసెడు దూరంలో పల్లె. మన తాలూకాలు అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేవి. దర్శికి పోవాలంటే వేరే జిల్లాకు పోయినట్టే. రాష్ట్రం ఏర్పడి నాలుగైదేళ్లయింది. ఎక్కడ చూసినా కొత్త శాఖలు, కొత్త బోర్డులు, కొత్త ఆఫీసర్లు. మా దోవలు మాత్రం పాతవే.

మా నాయన కమ్మరి. బండిచక్రాలకు ఇనుప పట్టాలు వేయడంలో చుట్టుపక్కల ఆయన పేరే చెప్పేవాళ్లు. ఎవరు చక్రం దొర్లించుకుంటూ కొలిమి దగ్గరకు వచ్చినా, దాన్ని చూడకముందే అడిగేవాడు: "బండి ఏ ఊరి దోవదిరా?" నల్లరేగడిలో తిరిగే బండికి దిగబడకుండా వెడల్పాటి పట్టా. రాళ్లలో తిరిగే బండికి అరిగిపోకుండా మందపాటి పట్టా. "ఏదో ఒక మంచి పట్టా వెయ్యి మామా" అన్నవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవాడు గానీ, ఊరి పేరు చెప్పేదాకా తిత్తి ఊదేవాడు కాదు. పుట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న వింటూ పెరిగాను. రోజూ వినే మాట కాబట్టి నేను దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇరవై ఏళ్లప్పుడు మార్కాపురంలో స్టేషను దోవలో ఉన్న ఖాసిం సాయిబు దుకాణంలో చేరాను. కార్బైడు గ్యాసుతో చేసే వెల్డింగు అప్పట్లో ఊళ్లో వింత. నీలం మంట చూడడానికి పలకల గనుల్లో పనిచేసేవాళ్లు కూడా దోవలో ఆగి నిలబడేవాళ్లు. సాయిబును మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. మూడు మాటలు మాట్లాడితే రెండు తిట్లు ఉండేవి. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. తిట్టకుండా పక్కకు పోయాడంటే పని బాగుందని మేమే అర్థం చేసుకోవాలి. ఇప్పటి యజమానులు తియ్యగా మాట్లాడతారు, పని మాత్రం నేర్పరు. నాకు తిట్టి నేర్పినవాడే మేలు.

పగిలిన ఫ్లాస్కు

ఆ పశువుల డాక్టరుగారి పేరు వామనమూర్తి, గుంటూరు వైపు మనిషి. ఈదురుగాలి వీస్తే ఎగిరిపోతాడేమో అన్నంత సన్నగా ఉండేవారు. ఆయనకిచ్చిన మోటార్ సైకిలేమో యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వదిలించుకున్నది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. పల్లెల్లో దాన్ని ఫటఫటి బండి అనేవాళ్లు. ఊరూరూ తిరగడం ఆయన ఉద్యోగం. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు తోలుసంచులు వేలాడేవి. ఒకదాంట్లో సూదులు, గుడ్డలు, కత్తెరలు. రెండో దాంట్లో మందు ఫ్లాస్కు.

ఆ ఫ్లాస్కు గురించి చెప్పాలి. పశువులకు పెద్దరోగం వచ్చిందంటే ఊళ్లకు ఊళ్లు కొట్టాలు ఖాళీ అయ్యేవి. అది రాకముందే వేసే టీకా ఒకటుంది. ఆ మందు చిన్న గాజుసీసాల్లో ఉంటుంది, చల్లదనం పోతే పనికిరాదు. ఐసుగడ్డ ఊకలో చుట్టుకుని రైల్లో వచ్చేది. దాన్ని కొట్టి ఫ్లాస్కులో వేసి, మధ్యలో సీసాలు పెట్టుకుని, అది కరిగేలోపల డాక్టరుగారు ఊరు చేరాలి.

ఒకరోజు ఆయన కుంటుకుంటూ బండి తోసుకుని దుకాణానికి వచ్చారు. కాలు పెట్టుకునే రాడ్డు వంగిపోయింది, ఒక సంచి చినిగిపోయింది.

"అర్ధవీడు అవతల పల్లెకు వెళ్తూ కంకర మీద జారి పడ్డానండీ" అన్నారు. "నాకేం కాలేదు. బండి సంచి మీద పడింది. ఫ్లాస్కు పిండైపోయింది."

"ఇంకోటి తెచ్చుకుంటే పోయె గద సార్" అన్నాడు ఉస్తాద్.

"ఫ్లాస్కు దొరుకుతుంది సాయిబుగారూ. నేను పడి పది రోజులైంది, మందు మళ్లీ ఇంకా రాలేదు. ఈలోపల ఆ ఊళ్లోకి రోగం వచ్చేసింది. రంగమ్మ అని ఒకావిడ, మొగుడు లేడు, ఉన్నదల్లా జత ఎద్దులు. అందులో ఎర్రది పోయింది. మిగతా పశువుల్ని కొండవాలుకు తోలి ఎలాగో కాపాడుకున్నారు. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. 'సీసా బతకలేదా డాక్టరయ్యా' అని మాత్రం అడిగింది."

ఆయన పక్కకు తిరిగి వంగిపోయిన రాడ్డును చూస్తున్నట్టు నటించారు.

రైతు ఇంట్లో ఒక ఎద్దు పోతే ఏమవుతుందో చదువుకున్నవాళ్లకు తెలియకపోవచ్చు. ఒంటెద్దుతో సేద్యం కాదు. ఇంకో ఒంటెద్దు ఉన్నవాడితో పొత్తు కట్టుకోవాలి. ముందు వాడి చేను దున్నాక మన చేను. అప్పటికి పదును ఆరిపోతుంది. రంగమ్మకు ఆ మిగిలిన ఎద్దు కూడా పోతే పొత్తు కూడా పోతుంది. రోగం మళ్లీ వచ్చేలోపల ఆ ఎద్దుకు సూది పడాలి. అంతకుమించి వేరే దారి లేదు.

"సార్, సంచికి గార్డు పెడదాం" అన్నాను. "బండి పడితే నేలకు ముందు ఇనుము తగలాల, సంచి కాదు."

"పెట్టగలవా బ్రహ్మయ్యా?"

"వాని మొహం సార్, నిన్నగాక మొన్న మంట పట్టుకున్నాడు" అన్నాడు ఉస్తాద్. వద్దని మాత్రం అనలేదు.

తడి ఇసుక

సలాకతో చేస్తే బరువు. గొట్టంతో చేస్తే తేలిక. కానీ గొట్టాన్ని ఊరికే వంచితే మూల దగ్గర నొక్కుకుపోయి బలం పోతుంది. దానికి ఉపాయం ఏమిటంటే గొట్టం నిండా ఇసుక కూరి, రెండు చివరలా కొయ్య బిరడాలు దిగ్గొట్టి, ఎర్రగా కాల్చి వంచాలి. ఉస్తాద్ ఈ ముక్క చెప్పాడు. నేను పొద్దున్నే పోయి గుండ్లకమ్మ ఏట్లో సంచెడు ఇసుక తెచ్చి కూరి, కొలిమిలో పెట్టాను.

పైకి పొడిగా కనబడిన ఇసుకకు లోపల తడి ఉంది. తడికి నిప్పు తగిలి ఆవిరి పుట్టింది. బిరడా తుపాకీ గుండులాగ ఎగిరిపోయి ఉస్తాద్ చేతిలోని టీ గ్లాసుకు తగిలింది. గ్లాసు అడుగు ఆయన వేళ్ల మధ్య మిగిలింది. టీ మొత్తం గడ్డం మీదకు వచ్చింది.

"నన్ను చంపి దుకాణం ఏలుకుందామనా?" అని కసిరాడు. తరవాత గడ్డం తుడుచుకుంటూ ఆయన చెప్పినట్టే నేను నలభై ఏళ్లు చేశాను: ఇసుకను పెనం మీద వేరుశనక్కాయలు వేయించినట్టు వేయించి, అప్పుడు కూరాలి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ దీన్ని తప్పలేదు. తప్పినవాళ్లుంటే వాళ్లు నా దగ్గర నేర్చుకోలేదని అర్థం.

బండల మీద పరీక్ష

రెండో విడత గొట్టం చక్కగా వంగింది. రెండు పక్కలా రెండు చట్రాలు చేసి, నేరుగా బండి ఫ్రేముకే వెల్డింగు చేసేశాను. ఆ పని చేయకూడదు. ఫ్రేముకు మంట తగిలితే అక్కడ ఇనుము గుణం మారుతుంది, ఎప్పుడో ఒకప్పుడు అక్కడే విరుగుతుంది. అప్పుడు నాకు తెలియదు. ఉస్తాద్‌కు తెలిసి కూడా గబగబా పని అయిపోతుందని ఊరుకున్నాడు. ఈ మాట ఆయన బతికుండగానే ఆయన ముందే అన్నాను.

దుకాణం ముందు నాపబండలు పరిచి ఉండేవి. డాక్టరుగారు ఫ్లాస్కుకు బదులు నాలుగు కోడిగుడ్లు గడ్డిలో చుట్టి సంచిలో పెట్టించారు. ఆయనా నేనూ బండిని పట్టుకుని బండల మీదికి పడేశాం. దభీమని పడింది. సంచి తీసి చూస్తే నాలుగు గుడ్లూ నాలుగే. రెండో వైపు పడేశాం. ఆ నాలుగూ అట్లాగే ఉన్నాయి. చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నా కాలు నేల మీద ఆనలేదు.

అంతమంది ఉన్నాం అక్కడ. ఒక్కరం కూడా మా నాయన అడిగే ప్రశ్న అడగలేదు. నేను ఆయన కొడుకునై ఉండి కూడా అడగలేదు.

వానాకాలంలో మన రేగడి దోవల్లో బండ్లు తిరిగి చక్రాల జాడలు లోతుగా దిగిపోతాయి. ఎండ కాసిందంటే ఆ గాళ్లు రాయిలాగ గట్టిపడతాయి. రెండు గాళ్ల మధ్య రాళ్లూ కంపా ఉంటాయి గనక మోటార్ సైకిలు ఒక గాడిలో దిగి పోవాల్సిందే. నా గార్డు అడుగు గొట్టం నేలకు జానెడు ఎత్తులో, సంచి కన్నా బయటికి పొడుచుకుని ఉంది. కంభం దాటాక గాడి లోతైన చోట అది గాడిగోడకు తగులుకుంది. బండి ఎగిరి పడింది. డాక్టరుగారి మెడ పక్క ఎముక విరిగింది.

వెల్లకిలా పడి లేవలేక ఉన్నప్పుడు సంచిలో ఐసు గలగలమనడం వినిపించిందని ఆయన తరవాత చెప్పారు. ఫ్లాస్కు చెక్కుచెదరలేదు. దాన్ని మోసే మనిషి విరిగాడు. ఎవరిదో బండి వచ్చి ఆయన్ను కంభం చేర్చేసరికి ఐసు నీళ్లయింది, మందు పాడైంది. రంగమ్మ ఎద్దుకు సూది పడలేదు.

ఫ్లాస్కును కాపాడింది నా గార్డే, మనిషిని పడేసిందీ నా గార్డే. రెండూ నిజమే.

నాలుగో వాక్యం

జిల్లా నుంచి ఒక పెద్దాఫీసరు జీపులో దిగాడు. పేరు రాయను, ఆయన పిల్లలు మంచివాళ్లు. ఆయన కూడా చెడ్డవాడేం కాదు. కాగితానికి భయపడే మనిషి, అంతే. అట్లాంటివాళ్లను మీరు చాలామందిని చూస్తారు.

బండి దుకాణంలోనే ఉంది. చేయి మెడకు కట్టుకుని డాక్టరుగారు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు.

"ఎవరయ్యా సర్కారు బండికి ఈ పందిరి వేసింది?" అన్నాడు ఆఫీసరు.

"మా పిల్లగాడు సార్. తెలీక చేసినాడు" అన్నాడు ఉస్తాద్.

"తెలిసే చేసినా సార్" అన్నాను. "తెలీకుండా చేసింది కొలత ఒకటి. ఫ్రేముకు మంట పెట్టడం ఒకటి."

ఆయన గుమాస్తా చేత ఒక కాగితం రాయించాడు. అందులో నాలుగు వాక్యాలు. ఫ్రేముకు మంట తగిలించడం నా తప్పు. గార్డు తగులుకోవడం వల్లనే బండి పడింది. ఆ గార్డును నా చేతులతో తీసివేశాను. ఇక మీదట ఏ సర్కారు బండికీ ఇటువంటి పని చేయను.

"సంతకం పెట్టు" అన్నాడు.

ముందు ఇనుము కోసే రంపం తీసుకుని రెండు చట్రాలనూ కోసేశాను. నేను చేసిన చెడ్డ పనిని నేనే కోయాలి, ఇంకొకడు కోస్తే నాకు సిగ్గు. తరవాత కలం తీసుకుని నాలుగో వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, కింద సంతకం పెట్టాను.

"ఏమిటిది?"

"మొదటి మూడూ నిజమే సార్. మీరు రాయకున్నా నేనే చెప్తా. నాలుగోది అబద్ధం. మళ్లీ చేస్తా. ఈసారి సరిగ్గా చేస్తా."

"ఒక మనిషిని పడేసి కూడా నీకు బుద్ధి రాలేదా?"

"వచ్చింది సార్. అందుకే చేస్తా అంటున్నా. గార్డు లేనప్పుడు సీసాలు పగిలి ఒక ఎద్దు చచ్చింది. దానికెవరూ కాగితం రాయలేదే?"

గొంతు వణికింది, ఒప్పుకుంటాను. కోపంతో వణికిందని అందరితో చెప్పాను. సగం భయమే.

ఆయన కాగితం చూసి, "గీతలు కొట్టింది నాకెందుకు!" అని నా మొహాన విసిరి జీపెక్కాడు. ఎక్కుతూ ఉస్తాద్‌తో, "వీడున్నంత కాలం మా బండ్లు నీ దుకాణం తొక్కవు" అన్నాడు.

జీపు దుమ్ము అణిగాక ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లంటే ఇదేరా. నువ్వు చేసిన పనికి నాకు పడినాయి దెబ్బలు. పో, నాకు మొహం చూపించొద్దు."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాను.

జానెడూ నాలుగు వేళ్లూ

నాయన అంతా విన్నాడు. తిట్టలేదు. తిత్తి ఊదుతూ ఒకటే అడిగినాడు: "ఏ ఊరి దోవకు చేసినావురా దాన్ని?"

"దుకాణం ముందరి బండలకు చేసినా నాయనా" అన్నాను.

ఆయన నవ్వాడు. "గుడ్లు మోసేదానికి బాగుంటాది."

తెల్లారి నేను ఒక పురికొస తీసుకుని బయల్దేరాను. కంభం నుంచి రంగమ్మ వాళ్ల ఊరి దాకా నడిచాను. గాడి లోతైన ప్రతి చోటా కొస దించి, గోడ అంచు దగ్గర ముడి వేశాను. దోవలో ఎదురైనవాళ్లు, "ఏంది బ్రహ్మయ్యా, నేలకు చొక్కా కుట్టిస్తాండావా?" అని నవ్వినారు. "నవ్విన నాపచేనే పండుతాది పెదనాయనా" అన్నాను. ఎక్కువ చోట్ల జానెడు లోతు. కొన్ని చోట్ల జానెడూ నాలుగు వేళ్లు. ఒకచోట మాత్రం మూర దగ్గరికి ఉంది. అక్కడ నడిచిపోయేవాడికే దిక్కులేదు, దాన్ని వదిలేశాను.

మూడో వారం మా కొలిమి ముందు ఒక ఎద్దులబండి ఆగింది. దాని మీద మోటార్ సైకిలు పడుకుని వచ్చింది. పక్కనే కట్టు విప్పిన చేయి ఆడిస్తూ డాక్టరుగారు.

"పెద్దాఫీసరు వద్దన్నారు కద సార్" అన్నాను.

"కాగితం మీద ఎక్కడ వద్దన్నారు? ఆ కాగితం నీ జేబులోనే ఉందిగా." నవ్వారు. తరవాత నవ్వు తగ్గించి, "పడింది నేను బ్రహ్మయ్యా, పగలంది ఫ్లాస్కు. నా ఎముక అతుక్కుంది. గాజు అతుక్కోదు. కొండ అవతలి ఊళ్లలో రోగం మొదలైందని కబురొచ్చింది. ఎన్ని రోజుల్లో అవుతుంది?" అన్నారు.

నాయనా నేనూ కలిసి నాలుగు రోజుల్లో చేశాం. ఈసారి ఫ్రేముకు మంట తగలనివ్వలేదు. పట్టాముక్కలతో క్లాంపులు చేసి బోల్టులు బిగించాం. అడుగు గొట్టాన్ని చక్రం దగ్గరికి లోపలికి జరిపాం. బయటికి పొడుచుకొచ్చే భాగాన్ని పైకి తీసుకుపోయాం, జానెడూ నాలుగు వేళ్ల పైన ఇంకో రెండు వేళ్లు. బండి పడితే ముందు నేలకు తగిలేది అదే. గాడిలో ఉన్నప్పుడు గోడకు అందనిదీ అదే. ముందూ వెనకా చివరలను కిర్రుచెప్పు ముక్కులాగ పైకి లేపింది నాయన. "ఎప్పుడన్నా తగిలినా ఎక్కి జారిపోవాల, పొడుచుకోగూడదు" అన్నాడు. అది ఆయన బుర్రలోంచి వచ్చింది. ఆ పేరు నేను వేసుకోను.

వాగు

"పడితే ఇద్దరం పడదాం, నువ్వూ ఎక్కు" అన్నారు డాక్టరుగారు. నేను అంతవరకూ మోటార్ సైకిలు ఎక్కలేదు. ఎక్కని బండికి గార్డు చేసినవాణ్ణి! మొదటి తప్పు అక్కడే ఉందని సీటు మీద కూర్చోగానే తెలిసింది. మీరు మాత్రం నడపడం రాని బండి మీద చేయి వేయొద్దు.

కంభం స్టేషనులో ఐసు తీసుకుని బయల్దేరాం. నేను కొండలు చూడలేదు, చెట్లు చూడలేదు, గాడిగోడనూ గొట్టాన్నీ చూస్తూ కూర్చున్నాను. ఆయన పడిన చోటు వచ్చింది. గొట్టానికీ గోడకూ మధ్య వేలెడు సందు. ఆ సందుతోనే దాటింది. ఒక్కచోట చివర తగిలింది, కిర్రుమని మట్టి చెక్కుకుని ఎక్కి జారింది. బండి కొంచెం ఊగింది, పడలేదు.

"మీ నాన్నగారికి దండం" అన్నారు డాక్టరుగారు.

సంతోషపడుతుండగానే వాగు వచ్చింది. నీళ్లు మోకాలిలోతు కూడా లేవు గానీ అడుగున గుండ్రాళ్లు. నట్టనడుమ ముందు చక్రం జారింది. ఇద్దరం, బండి, సంచులు అన్నీ వాగులో పడ్డాం.

నేను లేచి ముందు డాక్టరుగారిని చూడాలి. అబద్ధం చెప్పను, ముందు సంచిని చూశాను. గార్డు రెండు రాళ్ల మీద ఆని ఉంది. సంచి రాళ్లకు జానెడు పైన వేలాడుతోంది. డాక్టరుగారి కాలు గార్డు వదిలిన సందులో ఉంది, నలగలేదు. ఆయన నీళ్లలో కూర్చునే ఫ్లాస్కు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. గలగలమంది. మేమిద్దరం తడిసిన గుడ్డలతో పిచ్చివాళ్లలాగ నవ్వాం.

ఊళ్లో రంగమ్మ కొట్టం ముందే నిలబడి ఉంది. మా తడి బట్టలు చూసి ఆమె మొహం వాడిపోయింది.

"ఈసారన్నా సీసా బతికిందా డాక్టరయ్యా?"

ఆయన మూత తీసి ఫ్లాస్కు చేతికిచ్చారు. ఆమె రెండు వేళ్లు లోపల పెట్టింది. "సల్లగుంది" అన్నది. మళ్లీ పెట్టి చూసుకుంది. ఆ తరవాతే పలుపు పట్టుకుని ఎద్దును బయటికి తెచ్చింది.

సూది వేయడం అయ్యాక బండి దగ్గరకు వచ్చి గార్డును తట్టి చూసింది. "ఇది నీ చేతిదా నాయనా?"

"అవునవ్వా" అన్నాను. మెచ్చుకుంటుందని నిలబడ్డాను.

"గట్టిగానే ఉండాది. ఇది ముందే చేసుంటే నా ఎర్రెద్దు బతికేది గదరా" అన్నది. కోపంగా అనలేదు. ఎద్దు వీపు నిమురుతూ అన్నది. నేను తల వంచుకుని, బిగిసే ఉన్న బోల్టును మళ్లీ తడిమాను. ఆ పంటకాలంలో చుట్టుపక్కల ఊళ్లన్నీ రోగం తిరిగింది. ఆమె ఎద్దు మిగిలింది, ఆమె పొత్తూ మిగిలింది.

స్ప్రింగు వాషరు

వారం తరవాత డాక్టరుగారు బండిని కావాలని ఖాసిం సాయిబు దుకాణం ముందే ఆపారు. నన్ను దిగమన్నారు. ఉస్తాద్ బయటికి వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. క్లాంపును వేలితో కొట్టి చూశాడు. వంగి బోల్టు చూశాడు.

"స్ప్రింగు వాషరు ఎయ్యలేదేందిరా? దోవ అదురుకు ఊడిపోదూ?" అన్నాడు. "నిలబడి చూస్తావేంది, లోపలికిపోయి తీస్కరా."

నేను లోపలికి పోయాను. అట్లా మళ్లీ పనిలో చేరాను. ఆయన చెప్పింది కూడా నిజమే, వాషరు వేయాల్సింది.

పెద్దాఫీసరు నుంచి ఆ గార్డులకు అనుమతి రాలేదు. వద్దని కూడా రాలేదు. ఆ తరవాత మరో రెండు సర్కారు బండ్లు చడీచప్పుడు లేకుండా మా దగ్గరకే వచ్చి గార్డులు వేయించుకుపోయాయి. గిద్దలూరు నుంచి ఒక శెట్టిగారు కూడా వచ్చారు, తళతళలాడే గార్డులు కావాలన్నారు. "ఏ ఊరి దోవకు శెట్టిగారూ?" అని అడిగాను. "ఇంటికీ అంగడికీ మధ్యనేనయ్యా" అన్నారు. "అయితే మీకెందుకండీ, ఇంటికి పోయి హాయిగా పడుకోండి" అని పంపించాను. ఉస్తాద్ నన్ను ఆ పూటంతా తిట్టాడు. తిట్టనీ.

ఆ తరవాత కూడా నా పని నచ్చక, ఒకడు పడ్డాడనో, ఒకటి విరిగిందనో, "ఇక ఇట్లాంటివి చేయనని రాసివ్వు" అని అడిగినవాళ్లున్నారు. తప్పు ఎంత ఉంటే అంతా రాసిచ్చాను. ఆ చివరి మాట మాత్రం ఎవరికీ రాసివ్వలేదు. రాసివ్వబోతే నాకు ఎద్దు వీపు నిమిరే చేయి కనిపిస్తుంది. ముందే చేసుంటే, అన్న మాట వినిపిస్తుంది.

ఆ కాగితం నా పెట్టెలోనే ఉంది. నాలుగో వాక్యం మీద గీత ఇంకా నల్లగానే ఉంది. నా సంతకం కింద బోలెడు చోటుంది. కావలసినవాళ్లు ఎవరైనా వచ్చి ఆ వాక్యాన్ని అక్కడ మళ్లీ రాసుకోవచ్చు. మళ్లీ గీత కొట్టే కలం నా జేబులోనే ఉంది.